ర్యామ్ పెంచినా వర్చువల్‌బాక్స్‌లో ఉబుంటు నత్తనడక, పైగా బ్లూ స్క్రీన్లు

ప్రశ్న

విండోస్ 11 ప్రో, 6 కోర్ల ప్రాసెసర్ ఉన్న డెస్క్‌టాప్. పాత 8 జీబీ డీడీఆర్4 ర్యామ్ స్టిక్ 2666 స్పీడ్‌ది. దాని పక్కన 3200 స్పీడ్ 16 జీబీ స్టిక్ పెట్టి, బయోస్‌లో ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ని ఎక్కువ స్పీడ్‌లో నడిపే సెట్టింగ్) ఆన్ చేశాను. అప్పట్నుంచి అడపాదడపా బ్లూ స్క్రీన్ వస్తోంది, ఎర్రర్ పేరు ప్రతిసారీ వేరే. వర్చువల్‌బాక్స్‌లో (విండోస్ లోపలే ఇంకో ఓఎస్ నడిపే సాఫ్ట్‌వేర్) ఉబుంటు లినక్స్‌కి 12 జీబీ ర్యామ్, 12 సీపీయూలు ఇచ్చినా విండో లాగితే చాలు, తడబడుతోంది. కింద స్టేటస్ బార్‌లో ఆకుపచ్చ తాబేలు బొమ్మ కనిపిస్తోంది. విండోస్‌లోనే లినక్స్ నడిపే డబ్ల్యూఎస్‌ఎల్ 2 కూడా వాడతాను. ర్యామ్ ఇంకా పెంచాలా?

జవాబు 1

పెంచక్కర్లేదండి. ఇవి రెండూ వేర్వేరు సమస్యలు. ముందు బ్లూ స్క్రీన్ సంగతి తేల్చండి, అందాకా వీఎం (వర్చువల్‌బాక్స్‌లోని ఉబుంటు మెషీన్) అసలు స్టార్ట్ చేయొద్దు. ర్యామ్‌లో తేడా ఉంటే డిస్క్‌లో పడే డేటా కూడా తేడాగానే పడుతుంది. వీఎం డిస్క్ ఉండే వీడీఐ ఫైల్ పాడైన విషయం ఎప్పటికో గానీ బయటపడదు.

ఎక్స్‌ఎంపీ ఆఫ్ చేయండి. 2666 స్టిక్‌ని 3200 దగ్గర నడిపిస్తే అది తట్టుకోకపోవచ్చు. తర్వాత ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86ని పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేసి 4 పాస్‌లూ పూర్తి కానివ్వండి. ఒక్క ఎర్రర్ వచ్చినా ఫెయిల్ కిందే లెక్క. వస్తే ఒక్కో స్టిక్‌నీ విడిగా, ఒకే స్లాట్‌లో పెట్టి మళ్లీ టెస్ట్ చేయండి. విడివిడిగా బాగుండి కలిపితే ఎర్రర్లొస్తే ఆ జోడీ కుదరలేదన్నమాట, ఒకే కిట్‌లో వచ్చే రెండు 16 జీబీ స్టిక్‌లు తీసుకోండి. ర్యామ్ క్లీన్ అని తేలాకే విండోస్‌లో సిస్టమ్ ఫైళ్లని సరిచూసే ఎస్‌ఎఫ్‌సీ స్కాన్‌నౌ కమాండ్ నడపండి.

జవాబు 2

తాబేలు గురించి. వర్చువల్‌బాక్స్‌కి ప్రాసెసర్ వర్చువలైజేషన్ నేరుగా దొరక్క, విండోస్‌లోని హైపర్-వీ అనే హైపర్‌వైజర్ (వీఎంలని నడిపే పొర) మీదుగా నడుస్తోందని దానర్థం. డబ్ల్యూఎస్‌ఎల్ 2కీ, కోర్ ఐసొలేషన్‌లో ఉండే మెమరీ ఇంటిగ్రిటీకీ ఆ హైపర్‌వైజర్ కావాలి. విండోస్ బూట్ అయ్యేటప్పుడే అది లోడ్ అయిపోతుంది.

బూట్ సెట్టింగ్స్ మార్చే బీసీడీఎడిట్ కమాండ్‌తో దాన్ని ఆఫ్ చేయమని చాలామంది చెప్తారు. తాబేలు పోతుంది, నిజమే. దాంతోపాటు డబ్ల్యూఎస్‌ఎల్ 2 ఆగిపోతుంది, విండోస్ మూలభాగమైన కెర్నల్‌లోకి చెడ్డ డ్రైవర్ చొరబడకుండా కాపాడే మెమరీ ఇంటిగ్రిటీ కూడా పోతుంది. వీఎం స్పీడ్ కోసం హోస్ట్ (మీ విండోస్) రక్షణ తీసేయడం నాకు సుతరామూ ఇష్టం లేదు. మీకు ప్రో ఎడిషన్ ఉంది కదా, వీఎంనే హైపర్-వీలోకి మార్చేయండి.

ముందు వీడీఐకి బ్యాకప్ తీసి, ఉబుంటులో గెస్ట్ అడిషన్స్ (వర్చువల్‌బాక్స్ కోసం వేసిన డ్రైవర్లు) అన్‌ఇన్‌స్టాల్ చేయండి. స్నాప్‌షాట్లన్నీ (దాచిన వీఎం పాత స్థితులు) డిలీట్ చేయండి. అప్పుడవి అసలు డిస్క్‌లో కలుస్తాయి, దానికి హోస్ట్‌లో ఖాళీ స్థలం ఉండాలి. వర్చువల్‌బాక్స్ కమాండ్ అయిన వీబాక్స్‌మేనేజ్‌తో వీడీఐని వీహెచ్‌డీ ఫార్మాట్‌లోకి క్లోన్ చేసి, హైపర్-వీ మేనేజర్‌లోని ఎడిట్ డిస్క్‌తో హైపర్-వీ వాడే వీహెచ్‌డీఎక్స్‌గా మార్చండి.

ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే: వర్చువల్‌బాక్స్ సెట్టింగ్స్‌లో ఈఎఫ్‌ఐ (కొత్త తరహా బూట్ పద్ధతి) టిక్ లేకపోతే హైపర్-వీలో జనరేషన్ 1 వీఎం చేయాలి, ఉంటే జనరేషన్ 2. తారుమారైతే బూటే అవ్వదు. జనరేషన్ 2లో సెక్యూర్ బూట్ (నమ్మదగిన ఓఎస్‌నే బూట్ కానిచ్చే రక్షణ) టెంప్లేట్‌ని మైక్రోసాఫ్ట్ యూఈఎఫ్‌ఐ సర్టిఫికేట్ అథారిటీకి మార్చాలి.

బూట్ అయ్యాక నెట్ రాకపోతే ఉబుంటు నెట్‌వర్క్ సెట్టింగ్స్ ఉండే నెట్‌ప్లాన్ ఫైల్ చూడండి. అందులో ఈఎన్‌పీ0ఎస్3 అని నెట్‌వర్క్ కార్డ్ పాత పేరుంటే ఈటీహెచ్0 అని మార్చండి.

ఇంకోటి, 6 కోర్లున్న మెషీన్‌లో వీఎంకి 12 సీపీయూలు ఇస్తే హోస్ట్‌కీ గెస్ట్‌కీ (లోపలి ఉబుంటు) పెనుగులాటే. 4 ఇవ్వండి, ర్యామ్ 8 జీబీ చాలు.

ప్రశ్న అడిగినవారు

వివరంగా చెప్పారు, థాంక్సండి. డిస్క్‌కి బిట్‌లాకర్ ఎన్‌క్రిప్షన్ ఉంది, బయోస్ ముట్టుకోవచ్చా? అనుమానంగా ఉన్న ఫైళ్లు తెరవడానికి ఇదే వీఎం వాడొచ్చా?

జవాబు 3

బయోస్‌లోకి వెళ్లే ముందు 48 అంకెల రికవరీ కీ వేరే చోట భద్రపరచండి, ఆ తర్వాత బిట్‌లాకర్‌ని సస్పెండ్ చేయండి (తాత్కాలికంగా ఆపండి). డీక్రిప్ట్ చేయనక్కర్లేదు. బయోస్ అప్‌డేట్ చేసినా, సెక్యూర్ బూట్ మార్చినా కీ అడగొచ్చు.

అనుమానం ఉన్న ఫైళ్లకి ఈ వీఎం వద్దు, ఇంకోటి పెట్టండి. దానికి హైపర్-వీలో ప్రైవేట్ స్విచ్ (వీఎంల మధ్య మాత్రమే ఉండే వర్చువల్ నెట్‌వర్క్) ఇవ్వండి, హోస్ట్‌తో కూడా నెట్‌వర్క్ సంబంధం ఉండదు. ఎక్స్‌టర్నల్ స్విచ్ ఇస్తే అది రౌటర్‌కి తగిలించిన మరో కంప్యూటర్‌తో సమానం. ఎన్‌హాన్స్‌డ్ సెషన్ ఆఫ్‌లో ఉంచండి, లేకపోతే క్లిప్‌బోర్డ్ రెండు వైపులా షేర్ అవుతుంది. ఖాళీ వీఎంకి ఒక చెక్‌పాయింట్ (హైపర్-వీలో స్నాప్‌షాట్ లాంటిది) తీసి, పని అయ్యాక ప్రతిసారీ దానికే వెనక్కి వెళ్లండి. చెక్‌పాయింట్‌ని బ్యాకప్ అనుకోవద్దు, అసలు వీహెచ్‌డీఎక్స్ పోతే అదీ పనికిరాదు.