అండమాన్‌లో సెమినార్, ఆ తర్వాత దీవులు: ఆరుగురం ఎలా ప్లాన్ చేసుకోవాలి?

రాజేంద్రనగర్ ల్యాబ్:

నమస్తే అండీ. నేను రాజేంద్రనగర్‌లో ఒక మట్టి పరీక్షల ల్యాబ్‌లో పనిచేస్తున్నాను. సంక్రాంతి వెళ్ళాక, జనవరి మూడో వారంలో, పోర్ట్ బ్లెయిర్‌లో రెండు రోజుల సెమినార్ ఉంది. 2024లో ఊరి పేరు శ్రీ విజయపురం అని మార్చారు కానీ మా ఆఫీసులో అందరి నోటా ఇంకా పాత పేరే. గురువారం, శుక్రవారం సెషన్లు. మా ల్యాబ్ నుంచి ఆరుగురం వెళ్తున్నాం. బుధవారం మధ్యాహ్నానికి దిగుతాం, ఆదివారం మధ్యాహ్నం తిరుగు ఫ్లైట్. సెషన్లు అయ్యాక హావ్‌లాక్ దీవి చూసొద్దామని అందరం అనుకున్నాం. అంతవరకు బాగానే ఉంది.

మా జూనియర్ పిల్లలు ముగ్గురు శుక్రవారం లంచ్ కాగానే బోటెక్కేద్దాం అంటున్నారు. నా పోస్టర్, అంటే మా పరిశోధనని పెద్ద షీటు మీద పెట్టి పక్కన నిలబడి వివరించడం, శుక్రవారం మూడు గంటలకి. ఉప్పు తేలిన నేలల మీద మూడేళ్ళు చేసిన పని అది. ఆ ముగ్గురూ నాతోపాటు ఎండలో నిలబడి శాంపిల్స్ తీసినవాళ్ళే. పోస్టర్ దగ్గర వాళ్ళు లేకుండా నేనొక్కదాన్నే నిలబడటం నాకు మనసొప్పడం లేదు. కానీ వాళ్ళని కట్టడి చేస్తే మొదటిసారి సముద్రం దాటుతున్న ఆనందం పాడుచేసినదాన్ని అవుతానేమో అని కూడా ఉంది.

ఇంకోటి, మాతో వస్తున్న సీనియర్ మేడమ్‌కి మోకాళ్ళ నొప్పులు. రెండేళ్ళలో రిటైర్ అవుతారు. ఆవిడ అడిగింది రెండే: సెల్యులర్ జైలు, నీలం రంగు సముద్రం. పిల్లలకేమో స్కూబా, అంటే గాలి సిలిండర్ కట్టుకుని నీళ్ళ కిందికి దిగడం, కావాలి. ఇవన్నీ కుదురుతాయా? వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పండి.

కూకట్‌పల్లి నాన్నగారు:

ముందు ఆఫీసు సంగతి చూసుకోండమ్మా. సెమినార్ రోజులకి మాత్రమే ఆన్ డ్యూటీ, మిగతాదానికి సీఎల్ (క్యాజువల్ లీవ్) పెట్టి, ఊరు దాటి ఉండటానికి పర్మిషన్ రాతపూర్వకంగా తీసుకోండి. తిరుగు టికెట్ తేదీ మారితే ఆ కారణం కూడా ముందే రాసి ఇవ్వండి. హావ్‌లాక్ హోటల్ బిల్లు టీఏ (ప్రయాణ భత్యం) ఫైల్లో కలిపితే ఆడిట్‌లో మీ అందరికీ తిప్పలు. దీవుల ఖర్చంతా ఒకరి దగ్గరే జమ చేసి, రోజూ రాత్రి లెక్క రాసేయండి. మా బ్యాచ్‌లో ఈ పని నేనే చేశాను, ఒక్క మాట పట్టింపు రాలేదు.

వనస్థలిపురం లెక్చరర్:

మేడమ్, నేను పోయిన ఫిబ్రవరిలో మా కాలేజీ వాళ్ళు ఎనిమిది మందితో ఇలాగే వెళ్ళాను. సెమినార్, దీవులు రెండూ. అందుకే వివరంగా రాస్తున్నాను.

మీ పోస్టర్ వదలకండి. పిల్లల్ని కూడా వదలనివ్వకండి. బోటు శనివారం పొద్దున కూడా ఉంటుంది. శుక్రవారం మధ్యాహ్నం బోటెక్కినా వాళ్ళకి పెద్దగా కలిసొచ్చేది లేదు, ఎందుకంటే అక్కడ చీకటి త్వరగా పడుతుంది. మన గడియారమే, కానీ అండమాన్ మనకన్నా బాగా తూర్పున ఉంది. ఇక్కడికీ అక్కడికీ సూర్యుడి లెక్కలో దాదాపు గంట తేడా. జనవరిలో సాయంత్రం ఐదుంబావుకల్లా సూర్యుడు మునిగిపోతాడు. మొదటి రోజు సెషన్ అయ్యి, టీ తాగి, చెప్పులు మార్చుకుని బీచ్‌కి వెళ్ళేసరికి మాకు కనబడింది నల్లటి నీళ్ళే. మా ప్రిన్సిపాల్ గారు ఆ ఇసుకలో నిలబడి వాచీ చూసుకున్న మొహం నాకు ఇంకా గుర్తుంది. అప్పుడు టైం ఆరే.

మర్నాటి నుంచి తిప్పి చేశాం. పొద్దున ఐదున్నరకి ఆటోలెక్కి కోర్బిన్స్ కోవ్ బీచ్‌కి. ఆరులోపే తెల్లారిపోతుంది. తొమ్మిదిన్నరకి సెషన్, ఆలోపు రెండున్నర గంటల సముద్రం మాది. ఇడ్లీ తిని, స్నానం చేసి, ఇస్త్రీ చొక్కాలతో హాల్లో కూర్చున్నాం. ఎవరూ సెషన్ ఎగ్గొట్టలేదు. మీరూ గురు, శుక్రవారాలు ఇలా చేస్తే పిల్లలకి ఎదురుచూసిన బాధ తెలియదు.

ఇక ఆదివారం మధ్యాహ్నం ఫ్లైట్ మార్చండి. ఈ ఒక్కటీ నా మాట వినండి. మేము ఆదివారం పొద్దున హావ్‌లాక్ నుంచి వచ్చి, అదే రోజు ఫ్లైట్ ఎక్కుదామనుకున్నాం. శనివారం రాత్రి గాలి లేచింది. పొద్దున జెట్టీకి వెళ్తే గేటు మూసి ఉంది, సముద్రం బాగాలేదు, బోట్లు ఆపేశారన్నారు. సూట్‌కేసుల మీద కూర్చుని పదకొండు దాకా చూశాం. ఎనిమిది మందికీ ఫ్లైట్ పోయింది, టికెట్లు మళ్ళీ కొన్నాం. మాలో ఒకావిడ ఇంట్లో చంటిపిల్లని వదిలొచ్చింది. ఆవిడ ఆ రోజంతా అన్నం ముట్టలేదు. గాలి ఎవరి తప్పూ కాదు, చివరి రోజు చేతిలో ఖాళీ ఉంచుకోకపోవడం మా తప్పు. సోమవారం ఒక సీఎల్ పెట్టండి, ఆదివారం మధ్యాహ్నం బోటుకి పోర్ట్ బ్లెయిర్ వచ్చేయండి, ఆ రాత్రి అక్కడే పడుకోండి.

స్కూబాకి కూడా అదే మేలు. నీళ్ళ కింద ఒత్తిడికి గాలిలోని నైట్రోజన్ ఒంట్లో కరుగుతుంది. అది మెల్లగా బయటికి పోవాలి. పోకముందే విమానమెక్కితే పైన గాలి ఒత్తిడి తక్కువ కాబట్టి లోపల బుడగలు కడుతుంది, కీళ్ళు పట్టేయడం నుంచి ప్రాణం మీదికి వచ్చేదాకా పోవచ్చు. ఒక్క డైవ్ చేస్తే కనీసం 12 గంటలు, రెండు మూడు చేస్తే 18 గంటలు ఆగాలని డైవింగ్ వాళ్ళ నియమం. మాకు నేర్పిన కుర్రాడు పేరు కూడా అడక్కముందే 'సార్, ఫ్లైట్ ఎప్పుడు?' అని అడిగాడు. అలా అడిగేవాళ్ళ దగ్గరే చేయించండి. ఆస్తమా ఉన్నవాళ్ళు ఫారంలో దాచకూడదు.

జంగ్లీఘాట్ పిన్ని వాళ్ళు:

మా పిన్ని వాళ్ళు నలభై ఏళ్ళుగా పోర్ట్ బ్లెయిర్ జంగ్లీఘాట్‌లో ఉంటున్నారు, నేను ప్రతి రెండేళ్ళకీ వెళ్తాను. భాష గురించి మీ మేడమ్‌కి టెన్షన్ వద్దని చెప్పండి. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వెళ్ళి స్థిరపడినవాళ్ళు చాలామంది, 2011 జనాభా లెక్కల్లో అండమాన్ నికోబార్‌లో తెలుగు మాతృభాష అన్నవాళ్ళు వందకి 13 మంది.

మోకాళ్ళ నొప్పులంటే హావ్‌లాక్‌లో రాధానగర్ బీచ్ చాలు. కారు దిగి కొంచెం నడిస్తే ఇసుక, ఎదురుగా ఆవిడ అడిగిన నీలమే. 2004లో టైమ్ పత్రిక ఆసియాలో మేటి బీచ్ అన్నది దీన్నే. ఎలిఫెంట్ బీచ్‌కి పిల్లలు వెళ్ళనీ, అడవిలో నడవాలి లేదా బోటెక్కాలి. బోటులో వాంతులయ్యేవాళ్ళు అరగంట ముందే మాత్ర వేసుకోవాలి, ఎక్కాక వేసుకుంటే లాభం లేదు.

గవ్వలు, పగడపు ముక్కలు ఏరి బ్యాగులో వేసుకోనివ్వకండి. పగడాలకీ చాలా రకాల గవ్వలకీ వన్యప్రాణి చట్టం కింద రక్షణ ఉంది, ఎయిర్‌పోర్ట్‌లో పట్టుకుంటారు. కావాలంటే సాగరికలో బిల్లుతో కొనుక్కోండి, అది ప్రభుత్వ ఎంపోరియం.

సెల్యులర్ జైలు బుధవారం దిగిన వెంటనే చూడండి. 1896లో మొదలుపెట్టి 1906కి కట్టారు. నడిమి గోపురం నుంచి ఏడు రెక్కలు ఉండేవి, ఇప్పుడు మూడు మిగిలాయి. ఒక రెక్క ముఖం ఇంకో రెక్క వీపుని చూసేలా కట్టారు, ఎదురెదురుగా ఇద్దరు ఖైదీలు కళ్ళు కలపకూడదని. మెట్లెక్కకుండా కింది వరసలో గదులు చూడొచ్చు. లోపలికి వెళ్ళి, ఊచల దగ్గర నిలబడి బయటికి చూడమనండి. కనబడేది గోడే.

హైదరాబాద్ నుంచి వెళ్తున్నారు కాబట్టి ఒకరిని తలుచుకోండి. 1857 జూలై 17న కోఠిలోని బ్రిటిష్ రెసిడెన్సీ మీద తుర్రెబాజ్ ఖాన్‌తో కలిసి దాడికి నడిచిన మౌల్వీ అల్లావుద్దీన్. ఆయన్ని అండమాన్‌కి పంపేశారు, తిరిగి రాలేదు, అక్కడే పోయారు. అప్పటికి ఈ జైలు కట్టలేదు. మా పిన్నితో నడిచినప్పుడల్లా ఆయన ఏ ఒడ్డున దిగి ఉంటారా అనుకుంటాను.

రాజేంద్రనగర్ ల్యాబ్:

అందరికీ చాలా థాంక్స్ అండీ. నిన్న లంచ్ టైంలో ఇవన్నీ మా వాళ్ళకి చదివి వినిపించాను. తిరుగు ఫ్లైట్ సోమవారం మధ్యాహ్నానికి మార్చాం, సీఎల్ లెటర్ వెళ్ళింది. పిల్లల డైవ్ శనివారం. పొద్దున ఐదున్నర ఆటో అనగానే వాళ్ళే లేచి లెక్కలు వేసుకున్నారు, శుక్రవారం మూడింటికి ముగ్గురూ పోస్టర్ దగ్గర ఉంటామన్నారు. నాకు సగం భారం దిగింది.

మౌల్వీ గారి గురించి చదువుతుంటే మా మేడమ్ టిఫిన్ బాక్స్ మూసేశారు. ఆవిడ డిగ్రీ చదివింది కోఠి విమెన్స్ కాలేజీలో, అంటే ఆ రెసిడెన్సీ భవనంలోనే. 'సింహాల పక్కన ఆ పెద్ద మెట్ల మీద మూడేళ్ళు కూర్చున్నానమ్మా, ఈయన పేరు నాకెవరూ చెప్పలేదు' అన్నారు. బుధవారం దిగగానే ముందు జైలుకే వెళ్దామని, సామాన్లు హోటల్లో తర్వాత పెట్టుకోవచ్చని ఆవిడే అన్నారు.