న్యూజిలాండ్ ఇంటి గోడకి 21 పాయింట్లు వచ్చాయి, కౌన్సిల్‌ని ఎలా ఒప్పించాలి?

అందరికీ నమస్కారం. మాదాపూర్‌లో ఒక డ్రాఫ్టింగ్ ఆఫీసులో చేస్తున్నాను. మొన్నటిదాకా జీహెచ్‌ఎంసీ ప్లాన్లే. బిల్డింగ్ రూల్స్ ఉన్న జీవో 168 తీసి సెట్‌బ్యాక్ (ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీ) ఎన్ని మీటర్లో చూసుకుంటే పని అయిపోయేది. ఇప్పుడు న్యూజిలాండ్ ఇళ్ల డ్రాయింగులు ఇచ్చారు, అక్కడి కోడ్ తీరే వేరు. గోడ ఇలా కట్టు అనదు. నీళ్లు లోపలికి చేరి పాడుచేయకూడదు, క్లాడింగ్ (గోడ బయటి తొడుగు) కనీసం 15 ఏళ్లు నిలవాలి అంటుంది. ఎలా నిరూపిస్తావో నీ ఇష్టం!

యాక్సెప్టబుల్ సొల్యూషన్, అంటే ప్రభుత్వమే రాసిచ్చిన రెడీమేడ్ పద్ధతి, అక్షరాలా పాటిస్తే కౌన్సిల్ (అక్కడి మున్సిపాలిటీ) ఒప్పుకుని తీరాలి, అంతవరకు అర్థమైంది. కానీ మా రెండంతస్తుల ఇంట్లో ఒక గోడకి చూరు లేదు, పైగా డెక్ అతుక్కుని ఉంది. నీళ్లు లోపలికి చేరే ప్రమాదానికి వేసే రిస్క్ స్కోరు 21. బయటి తేమకి ఉన్న యాక్సెప్టబుల్ సొల్యూషన్ ఈ2/ఏఎస్1, అది 20తోనే ఆగిపోతుంది. ఇక ఆల్టర్నేటివ్ సొల్యూషనే (మన పద్ధతి కోడ్‌కి సరిపోతుందని మనమే నిరూపించడం) దిక్కు అనుకుంటున్నాను. చూరు పెడదామంటే క్లయింటు ససేమిరా అంటున్నారు.

క్లాడింగ్ కంపెనీ ఈ2/వీఎం1 (గోడలోకి నీళ్లు చేరతాయేమో పరీక్షించే పద్ధతి) టెస్ట్ రిపోర్టు పంపింది. అందులో పరీక్షించిన గోడకి డెక్ లేదు. డెక్ గోడకి కలిసే జాయింటు వరకు ఏఎస్1 డీటెయిల్‌తో పోల్చి, తేడా ఎక్కడుందో రాసి, ఫసాడ్ (బయటి గోడల) ఇంజినీర్ అభిప్రాయం జతచేస్తే సరిపోతుందా? లేక ఇదివరకు ఇలాగే కట్టిన ఇళ్లు ఎలా ఉన్నాయో కూడా చూపించాలా?

అక్కడ ఈ పని చేసిన అన్నలు, అక్కలు ఎవరైనా ఉంటే చెప్పండి. శుక్రవారం సబ్మిషన్, ఒకటే టెన్షన్.