గంజాం తీరపు ఇసుక దిబ్బల మీద గోల్ఫ్ మైదానం వేయవచ్చునా?

బరంపురం వాసి:
ఒడిశాలోని మన గంజాం జిల్లాలో గోపాల్‌పూర్ నుంచి రుషికుల్య నది ముఖద్వారం వరకు పర్యాటకం పెరగాలంటే 18 హోళ్ల (అంటే బంతిని ఒక్కొక్క గుంటలో వేస్తూ సాగే 18 అంచెల) గోల్ఫ్ మైదానం ఒకటి రావాలని కొందరు, ఆ మాటే ఎత్తవద్దని మరికొందరు మా పట్టణంలో గట్టిగా వాదించుకుంటున్నారు. మైదానమంటూ వేస్తే సరుగుడు తోటల పక్కనున్న ఇసుక దిబ్బల మీద వేయడం మేలా, లోపలి ఎర్రనేలల్లో వేయడం మేలా, లేక మన జిల్లాకు అది అసలే తగదా? నిర్మాణం, నీరు, సంరక్షణ గురించి తెలిసినవారు కారణాలతో సహా రాయవలసిందిగా కోరుతున్నాను.

గోపాల్‌పూర్ విడిది యజమాని:
ఈ ఆట పెరిగిందే సముద్రపు ఇసుక నేలల్లో. 18 హోళ్ల లెక్క కూడా స్కాట్లాండ్ తీరంలోని సెయింట్ ఆండ్రూస్‌లో 1764లో మొదలైనదే. దిబ్బల నేలలో ఎత్తుపల్లాలు ప్రకృతే ఇచ్చింది, వాన నీరు నిలవదు, గుట్టలు పోయడానికి లారీల కొద్దీ మట్టి తోలనక్కరలేదు. అదే దేశపు పడమటి తీరంలో 2009లో తెరిచిన మాక్రిహానిష్ డ్యూన్స్ మైదానాన్ని చట్టరక్షణ ఉన్న దిబ్బల మధ్యనే వేశారు. గ్రీన్‌లకూ (గుంట చుట్టూ ఉండే నున్నని పచ్చిక), టీలకూ (తొలి దెబ్బ కొట్టే జాగా) కావలసిన కొద్ది నేల తప్ప మిగిలిన దిబ్బను కదపలేదు. ఉప్పునీటికి తట్టుకునే పాస్పాలమ్ గడ్డి ఇప్పుడు దొరుకుతోంది కాబట్టి నీటి భయం కూడా పెద్దది కాదని నా అభిప్రాయం. శీతకాలపు నాలుగు నెలలు తప్ప మా విడుదులన్నీ ఖాళీగానే ఉంటాయి. మైదానం వస్తే గడ్డి కోసేవారికీ, ఆటగాళ్ల సంచులు మోసే కేడీలకూ, వంటవారికీ ఏడాది పొడుగునా పని ఉంటుంది.

ఛత్రపురం మొగలి రైతు:
అయ్యా, ఆ దిబ్బలు ఖాళీ నేలలన్న భావన మీ మాటల్లో కనిపిస్తోంది, అందుకే బాధతో రాస్తున్నాను. మొగలి అత్తరుకు దేశమంతటా గంజాం పేరే చెబుతారు, దానికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. ఆ మొగలి పొదలు గట్ల మీదా, ఇసుక అంచుల్లోనూ పెరిగి, తమ ఊడలతో ఇసుకను పట్టి ఉంచుతాయి. తెల్లవారుజామున ముళ్ల ఆకుల మధ్య చేయి పెట్టి కోసిన పూలు ఎండ ఎక్కకముందే బట్టీకి చేరాలి, లేకపోతే వాసన తగ్గి ధర పడిపోతుంది. ఇక ఒడ్డున తెలుగు మాట్లాడే నోలియా జాలరుల పల్లెలున్నాయి. పడవలు లాగే దారి, వలలు ఆరబెట్టే జాగా ఏ పట్టాలోనూ రాసి ఉండవు. కంచె పడిన రోజున అవి పోతాయి.

చట్టం మాట కూడా చెప్పుకోవాలి. అందం కోసమో వినోదం కోసమో ఇసుక దిబ్బలను చదును చేయడాన్నీ మార్చడాన్నీ 2011 నాటి తీరప్రాంత నియంత్రణ ప్రకటన నిషేధించింది, చలనంలో ఉన్న దిబ్బలను మార్చరాదని 2019 ప్రకటన కూడా చెబుతోంది. స్కాట్లాండ్ ఉదాహరణ ఇచ్చారు కనుక ఆ దేశపు రెండో ఉదాహరణ కూడా చూడండి: తూర్పు తీరంలో అబర్డీన్ దగ్గర 2012లో తెరిచిన మైదానం కోసం, గాలికి కదిలే దిబ్బలను గడ్డి నాటి కట్టివేశారు. ఫలితంగా ఫోవెరాన్ లింక్స్ అనే ఆ దిబ్బల్లో కొంత భాగానికి 2020లో రక్షిత స్థలమనే గుర్తింపే పోయింది.

మైదాన సంరక్షకుడు:
పచ్చిక పనిలోనే నా బతుకు గడిచింది, గోల్ఫ్ అంటే నాకు ప్రాణం. మైదానం రావాలనే కోరుకుంటున్నాను, కాని దిబ్బల మీద వద్దంటున్నాను.

ముందు నీటి లెక్క చూద్దాం. 18 హోళ్ల మైదానానికి 50, 60 హెక్టార్ల నేల కావాలి. అందులో గ్రీన్‌లు, టీలు, వాటి మధ్యనుండే పచ్చిక బాటలైన ఫెయిర్‌వేలు కలిపి 20 హెక్టార్లు తడపవలసి వస్తుందనుకుందాం. మన వేసవిలో గడ్డి రోజుకు 5 మిల్లీమీటర్ల నీరు పీలుస్తుందనుకుంటే హెక్టారుకు 50 వేల లీటర్లు, మొత్తం మీద రోజుకు 10 లక్షల లీటర్లు అవుతాయి. తలకు 135 లీటర్ల చొప్పున పంచితే అది ఏడు వేల మందికి పైగా సరిపోయే నీరు. ఏప్రిల్, మే నెలల్లో నీటి కోసం బరంపురం వీధుల్లో వరుస కట్టే బిందెలను చూసినవారికి ఈ లెక్క విడమరచి చెప్పనక్కరలేదు.

తీరంలో ఆ నీరు బోరు వేసి తీయవలసిందే, అసలు ప్రమాదం అక్కడే ఉంది. ఇసుక కింద మంచినీరు ఉప్పునీటి మీద పలుచని పొరగా తేలి ఉంటుంది. పైన మంచినీటి మట్టం ఒక మీటరు తగ్గితే అడుగున ఉప్పునీరు సుమారు 40 మీటర్లు పైకి వచ్చే స్వభావం ఉంది. ఒకసారి ఉప్పెక్కిన బావి ఒక వానకు తేరుకోదు. పాస్పాలమ్ ఉప్పును తట్టుకునే మాట నిజమే, కాని వేళ్ల దగ్గర పేరుకున్న ఉప్పును కడిగివేయడానికి అప్పుడప్పుడు ఎక్కువ నీరు పెట్టక తప్పదు, ఆ కడుగుడుతో పాటు నత్రజని ఎరువు కూడా ఇసుకలో ఆగకుండా ఊరి బావుల వైపు దిగుతుంది. గడ్డి బతుకుతుంది గానీ పక్కింటి బావి బతకదు.

దిబ్బ ఇసుక గ్రీన్‌కు సరిపోతుందన్న నమ్మకం కూడా సరికాదు. అమెరికా గోల్ఫ్ సంఘం 1960లో మొదట ప్రకటించిన పద్ధతి ప్రకారం అడుగున గొట్టాలు పరిచి, వాటిమీద 4 అంగుళాల కంకర, దానిపైన 12 అంగుళాల ఇసుక వేస్తారు. ఆ ఇసుకలో కనీసం 60 శాతం రేణువులు 0.25 నుంచి 1 మిల్లీమీటరు మధ్య ఉండాలి. పై పొర పూర్తిగా తడిసేవరకు నీరు కంకరలోకి దిగదు కనుక వేసవిలో వేళ్లకు తేమ నిలుస్తుంది, కుండపోత వానలో అదనపు నీరు గొట్టాల గుండా పోతుంది. గాలి జల్లించిన దిబ్బ ఇసుక మరీ సన్నం. పైగా ఛత్రపురం ఇసుకలో మోనజైట్, ఇల్మెనైట్ అనే విలువైన ఖనిజాలు ఉన్నందునే అక్కడ కేంద్ర ప్రభుత్వ సంస్థ ఐఆర్‌ఈఎల్ వారి ఇసుక ఖనిజాల కర్మాగారం ఉంది. దాన్ని ఎవరు పడితే వారు తవ్వుకోవడానికి వీలులేదు. కొలతకు తగిన ఇసుకను జల్లించి బయటినుంచి తెప్పించుకోవలసిందే.

ఈ పొరల్లో తప్పు జరిగితే ఏమవుతుందో శ్రావణమాసంలో గ్రీన్‌లో కొళాయి గొట్టమంత ముక్క తోడి చూస్తే తెలుస్తుంది. పైన అంగుళం మేర తెల్లని వేళ్లు, దాని కింద తారు పూసినట్టు నల్లని చార, ముక్కు దగ్గర పెడితే కుళ్లిన కోడిగుడ్డు వాసన. నీరు నిలిచి గాలి ఆడక గంధకపు వాయువు పుట్టిందన్నమాట. ఆ స్థితిలో ఎంత మందు కొట్టినా లాభం లేదు, తవ్వి మళ్లీ కట్టవలసిందే.

నేను సూచించేది బరంపురానికి పడమటగా, పంటకు పనికిరాని ఎర్రనేలలో తొమ్మిది హోళ్ల మైదానం. ఒక్కొక్క హోల్‌కు రెండు టీలు వేరు వేరు దూరాల్లో పెడితే రెండుసార్లు తిరిగి 18 పూర్తి చేయవచ్చు. తడిపేది గ్రీన్‌లనూ టీలనూ మాత్రమే, అంటే సుమారు ఒక హెక్టారు, రోజుకు 50 వేల లీటర్లు. ఆ మేరకు పట్టణపు మురుగునీటిని శుద్ధి చేసి వాడుకోవచ్చు. ఫెయిర్‌వేలకు మన గరిక చాలు. మైదానాలకు పేరుపొందిన, ‘టిఫ్’ అని పేరు మొదలయ్యే గడ్డి రకాలన్నీ గరిక సంకరాలే. వేసవిలో అది ఎండి గోధుమరంగు తిరుగుతుంది, తొలకరికి మళ్లీ చిగురిస్తుంది. ఆ రంగును ఆటగాళ్లు ఒప్పుకోవాలి, పచ్చని తివాచీ కావాలనే పట్టుదలే నీటిని మింగేది. గ్రీన్ మీద మాత్రం రాజీ పడకూడదు: 4 మిల్లీమీటర్లకు మించకుండా రోజూ కోయాలి, చలికాలంలో తెల్లవారగానే పొడుగాటి వెదురు గడతో మంచు దులపాలి, లేకపోతే నాణెమంత మచ్చలతో బూజు తెగులు పుడుతుంది.

గోపాల్‌పూర్ విడిది యజమాని:
దూరం నుంచి వచ్చిన అతిథికి సముద్రం కనబడని తొమ్మిది హోళ్లు చూపిస్తే మళ్లీ వస్తాడా? మురుగునీటి మాట వింటేనే కొందరు వెనకాడతారు. నీటి లెక్కను మాత్రం నేను కాదనలేను.

మైదాన సంరక్షకుడు:
శుద్ధి చేసిన నీటిని రాత్రిపూట పారించి, తెల్లవారేసరికి ఆకు ఆరేలా చూసుకుంటే ఆటగాడికి ఇబ్బంది ఉండదు. రాత్రి దీపాల వెలుగు తీరం మీద పడకపోవడం లోపలి నేలకున్న మరో మేలు. రుషికుల్య ఒడ్డున ఫిబ్రవరి, మార్చి నెలల్లో గుడ్లు పెట్టే ఆలివ్ రిడ్లీ తాబేళ్ల పిల్లలు వెలుగు ఉన్న వైపుకే పోతాయి. తీరంలో విడుదుల దీపాలే వాటికి ఎక్కువ, మైదానపు దీపాలు కూడా తోడైతే అవి సముద్రం దారి తప్పుతాయి. తుపాను సంగతి కూడా మరువవద్దు. 2013 అక్టోబరు 12న పైలిన్ గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. ఉప్పుగాలికి మాడిన గ్రీన్‌ను మళ్లీ నాటి ఆటకు తేవడానికి నెలలు పడుతుంది.

ఛత్రపురం మొగలి రైతు:
లోపలి నేల అంటే నాకు సూత్రప్రాయంగా అభ్యంతరం లేదు. అయితే 50 హెక్టార్ల మీద ఒక్కరోజున 100 మిల్లీమీటర్ల వాన పడితే 5 కోట్ల లీటర్ల నీరు ఎటో ఒకవైపు పోవాలి. ఆ నేల నుంచి దిగే గెడ్డలు (వాగులు) ఏ చెరువు నింపుతున్నాయో, ఏ మదుము (తూము) కింద ఎంత ఆయకట్టు ఉందో ముందు కొలిచి, గెడ్డ దారి మళ్లించబోమని ఆ రైతులకు రాసి ఇవ్వాలి. తొలి గ్రీన్‌కు ముగ్గు పోసేది ఆ తరువాతే.