పలాస ప్యాసింజరులో నలుగురు, వాళ్ల వెంట ఒకడు: ఈ థ్రిల్లర్ ప్లాట్ నిలబడుతుందా?

నెల్లిమర్ల_కలం:
విజయనగరం నేపథ్యంగా ఒక సైకలాజికల్ థ్రిల్లర్ రాస్తున్నాను. పొద్దున్న పలాస నుంచి విశాఖ వెళ్లే ప్యాసింజరులో రోజూ ప్రయాణించే నలుగురు ఆడవాళ్లు. పొందూరులో ఎక్కే నర్సు, చీపురుపల్లిలో ఎక్కే బ్యాంకు క్లర్కు, నెల్లిమర్లలో ఎక్కే డిగ్రీ అమ్మాయి, విజయనగరంలో ఎక్కే ట్యూషన్ టీచరు. ఒకరికొకరు పరిచయం లేదు. ఒకే మనిషి నలుగురి వెంటా పడుతుంటాడు. నాకే అలా అనిపిస్తోందేమోనని ఎవరికి వాళ్లు సర్దుకుపోతుంటారు.

మూడు చోట్ల ఆగిపోయాను. నలుగురినీ వేధిస్తున్నది ఒకడేనని వాళ్లకి ఎలా తెలియాలి? తెలిశాక పోలీసుల దగ్గరికి వెళ్తే కథ అక్కడితో అయిపోదా? "పోలీసులు పట్టించుకోలేదు" అని ఒక్క ముక్కలో తేల్చేయడం నాకిష్టం లేదు. మూడోది, సందుకో సీసీ కెమెరా ఉన్న ఈ రోజుల్లో సస్పెన్స్ ఎక్కడ మిగులుతుంది? చట్టం, టెక్నాలజీ తెలిసినవాళ్లు చెప్పండి.

కోర్టు_మెట్లు:
పోలీసుల్ని చెడ్డవాళ్లుగా చూపించక్కర్లేదండీ. అందరూ తమ పని సక్రమంగా చేసినా ఇరుక్కుపోయే చోట్లు ఈ కేసులో చాలా ఉన్నాయి.

వెంటపడటం 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ కిందికి వస్తుంది. అంతకుముందు ఐపీసీ 354డి, 2013లో చేర్చింది. కథాకాలం 2024 జూలైకి ముందైతే పాత సెక్షనే రాయండి. ఇక్కడ లెక్క నేరం జరిగిన తేదీకి. మొదటిసారి రుజువైతే 3 ఏళ్ల వరకు జైలు, జరిమానా, పైగా అది బెయిలబుల్. రెండోసారి రుజువైతే 5 ఏళ్ల వరకు, నాన్‌బెయిలబుల్. అంటే నలుగురూ కిందామీదా పడి కేసు పెట్టించినా, వాడు పూచీకత్తు ఇచ్చి అదే రోజు స్టేషన్ నుంచి బయటికి రావొచ్చు. మర్నాడు అదే ప్లాట్‌ఫామ్ మీద నిలబడొచ్చు. మీరు ముగింపు అనుకుంటున్నది నవలకి నడుమ మాత్రమే.

సెక్షన్ మాటల్లోనే ఇంకో ముడి ఉంది. ఆమె తనకి ఇష్టం లేదని స్పష్టంగా తెలిపాక కూడా పదేపదే వెంటపడాలి, మాట కలపడానికి ప్రయత్నించాలి. మీ నర్సు నోరెత్తకుండా పెట్టె మారిపోతూ వచ్చిందనుకోండి. "వద్దని ఆవిడ ఎప్పుడు చెప్పింది?" అని డిఫెన్స్ లాయరు మొదట పట్టుకునేది దాన్నే. కాబట్టి నలుగురు వింటుండగా ఆమె "నా వెనక రాకండి" అనే ఘట్టం, లేదా అదే మాట మెసేజ్‌గా పంపే ఘట్టం కథలో ఉండాలి. చూడ్డానికి చిన్న సీను, కేసంతా దాని మీదే నిలబడుతుంది. ఫోను, ఈమెయిలు, ఇంటర్నెట్ వాడకం మీద నిఘా పెట్టడం మాత్రం అదే సెక్షన్‌లో విడిగా ఉంది. దానికి వద్దని చెప్పి ఉండాల్సిన షరతు లేదు.

అసలు ఇబ్బంది ఇది. నలుగురి అనుభవాలూ ఒకచోట చేరిస్తే నేరం కళ్లకి కట్టినట్టు కనిపిస్తుంది. చట్టం మాత్రం "ఒక స్త్రీ" అంటుంది. ఒక్కొక్కరినీ ఒక్కోసారే వెంబడించి ఉంటే "పదేపదే" ఎక్కడుందని వాదిస్తారు. అందుకే నలుగురిలో కనీసం ఒకరి విషయంలోనైనా వరస సంఘటనలు తేదీలతో సహా ఉండాలి. మిగతా ముగ్గురు ఆమెకి బలం అవుతారు.

ఇక స్టేషన్ పరిధి. రైల్లో, ప్లాట్‌ఫామ్ మీద జరిగింది రైల్వే పోలీసులది. స్టేషన్ బయట మయూరి జంక్షన్ దాకా వెంటవస్తే టౌన్ పోలీసులది. పొందూరులో ఇంటిదాకా వస్తే జిల్లాయే మారిపోతుంది. జీరో ఎఫ్ఐఆర్ ఉంది కాబట్టి ఏ స్టేషన్లోనైనా ఇవ్వొచ్చు, వాళ్లు నమోదు చేసి బదిలీ చేస్తారు. ఆన్‌లైన్లో ఇస్తే 3 రోజుల్లోగా వెళ్లి సంతకం పెట్టాలి. బాధితురాలి ఫిర్యాదు మహిళా అధికారే రాసుకోవాలి. ఇలాంటి శిక్ష ఉన్న నేరాల్లో డీఎస్పీ అనుమతితో 14 రోజుల్లోగా ప్రాథమిక విచారణ జరిపే వీలు కూడా ఉంది. ఆ 14 అంకె గుర్తుపెట్టుకోండి.

డీవీఆర్_రిపేరు:
ఆ 14 రోజుల మాట నేను అందుకుంటాను. మామూలు 2 మెగాపిక్సెల్ కెమెరా సెకనుకి 2 మెగాబిట్ల చొప్పున రాస్తే రోజుకి 21 జీబీ పైన అవుతుంది. షాపులో నాలుగు కెమెరాలు, వాటి వీడియోని దాచే రికార్డరు, అంటే డీవీఆర్‌లో 1 టీబీ డిస్కు ఉంటే 11, 12 రోజులకే నిండుతుంది. నిండాక పాతదాని మీదే కొత్తది రాసుకుంటూ పోతుంది. ప్రాథమిక విచారణ నిబంధన ప్రకారమే నడిచినా, అది పూర్తయ్యే సరికి స్టేషన్ రోడ్డు మీది మెడికల్ షాపు ఫుటేజీ చెరిగిపోతుంది. తప్పు ఎవరిదీ కాదు. మీ సస్పెన్స్ అక్కడుంది చూడండి.

తెలివైన పాత్ర అయితే మొదటి రోజే ఏ షాపు, ఏ కెమెరా, ఏ తేదీ, ఏ టైము అని రాసి, ఫుటేజీ భద్రపరచమని స్టేషన్‌కి లిఖితపూర్వకంగా ఇస్తుంది. డీవీఆర్ గడియారం, ఫోన్ గడియారం పక్కపక్కన కనపడేలా ఫోటో కూడా తీసుకుంటుంది. కరెంటు పోయి వచ్చే చోట్ల లోపలి బ్యాటరీ చచ్చిన డీవీఆర్‌లు టైము తప్పు చూపిస్తాయి. 25 నిమిషాల తేడా ఉంటే, అప్పటికి రైలింకా నెల్లిమర్లలోనే ఉందని వాడు తప్పించుకోవచ్చు. స్క్రీన్ మీద ఆడుతున్న వీడియోని సెల్‌తో తీయడం చాలామంది చేసే పొరపాటు. అసలు ఫైలు పెన్‌డ్రైవ్‌లోకి తీయించాలి. దానికి హాష్ విలువతో (ఫైలు మారలేదని చూపే, వేలిముద్ర లాంటి కోడ్) కొత్త సాక్ష్య చట్టమైన భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ సర్టిఫికెట్ ఉండాలి. అందులో ఒక భాగం ఫైలు ఇచ్చినవాళ్లు, రెండో భాగం నిపుణుడు నింపుతారు.

మీ మొదటి ప్రశ్నకి, ఎక్కడుందో యజమాని ఫోన్లో చూపించే ఆపిల్ ట్రాకరు ఎయిర్‌ట్యాగ్ పనికొస్తుంది. రూపాయి నాణెం కంటే కాస్త పెద్ద బిళ్ల. లంచ్ బ్యాగు కుట్టులో దూర్చినా తెలీదు. తెలీని ట్యాగు మనతో తిరుగుతుంటే ఐఫోనూ, 2023 నుంచి ఆండ్రాయిడ్ ఫోనూ హెచ్చరిస్తాయి. కానీ ట్యాగు దాని యజమాని ఫోన్‌కి దగ్గర్లో ఉన్నంతసేపూ హెచ్చరిక రాదు. వాడు అదే పెట్టెలో కూర్చుని వస్తాడు కాబట్టి రైల్లో అంతా ప్రశాంతం. నర్సు రాత్రి ఇంటికెళ్లి పడుకున్నాక ఫోన్ మోగుతుంది. కుట్టు విప్పి ఆ బిళ్లని ఫోన్ వెనక ఆనిస్తే సీరియల్ నంబరు, రిజిస్టర్ చేసినవాడి ఫోన్ నంబర్లో చివరి నాలుగంకెలు కనిపిస్తాయి. ఇంకో ఊళ్లో క్లర్కుకీ అలాంటి బిళ్లే దొరికి, అవే నాలుగంకెలు వస్తే? ముఖం చూడకుండానే ఒకడేనని తేలిపోతుంది.

బ్యాటరీ తీసేస్తే వాడికి లొకేషన్ ఆగిపోతుంది, అంటే కనిపెట్టేశారని వాడికీ తెలిసిపోతుంది. తీయాలా, అలాగే ఉంచి వాణ్ణి నమ్మించాలా అన్న తర్జనభర్జనే ఒక అధ్యాయం అవుతుంది. స్కూటీకి బిగించే సిమ్ కార్డు జీపీఎస్ పరికరానికి మాత్రం ఈ హెచ్చరికలేవీ రావు. సీటు కింద బ్యాటరీ తీగలకి కలిపి ఉంటుంది, మెకానిక్ చూస్తే తప్ప బయటపడదు.

కాల్ డేటా మీద మరీ ఆధారపడకండి. టెలికాం కంపెనీలు 2 ఏళ్లు ఉంచాలి, పోలీసులు అడిగితే ఇస్తారు. కానీ అది టవరు పరిధినే చూపిస్తుంది. రైల్లో వందలమంది ఫోన్లు అవే టవర్లు మారుతుంటాయి, దాంతో ఏమీ తేలదు. పనికొచ్చేది అర్ధరాత్రి పొందూరు టవరు కింద వాడి ఫోన్ ఉండటం.

నెల్లిమర్ల_కలం:
నాలుగంకెల సంగతి అద్భుతం అండీ. క్లైమాక్స్ విజయనగరం పైడితల్లి అమ్మవారి సిరిమాను జాతర రోజున పెట్టి, నలుగురూ, క్లర్కు తమ్ముడూ కలిసి వాణ్ణి కోట దగ్గర చుట్టుముట్టి పట్టుకున్నట్టు రాద్దామనుకున్నాను. ఈలోగా వాట్సాప్ గ్రూపులో వాడి ఫోటో తిప్పుతుంటారు. ఇది నప్పుతుందా?

మూడు_లాంతర్లు:
రచన వైపు నుంచి చెప్తాను. సిరిమాను విజయదశమి తర్వాతి మంగళవారం. ఆ జనంలో ఎవరు ఎవరి వెనక ఉన్నారో చెప్పడం ఎవరి తరమూ కాదు. కాబట్టి పట్టుకోవడానికి కాదు, తప్పిపోవడానికి వాడండి. వాడు పక్కనే ఉన్నాడని పాఠకుడికి తెలియాలి, ఆమెకి తెలియకూడదు.

నలుగుర్నీ తొందరపడి స్నేహితుల్ని చేయకండి. ఇలాంటి నవలలు నీరుగారిపోయేది అక్కడే. మొదటిసారి మాట కలిసే చోట నమ్మకం కంటే అనుమానమే ఎక్కువుండాలి. గరివిడి దాటాక నర్సు తన ట్యాగు ఫోటో చూపిస్తే, క్లర్కు వెంటనే "నాకూ ఇదే" అనకూడదు. బ్యాగు ఒళ్లోకి లాక్కుని, "ఇది నాకెందుకు సూపిస్తన్నారు? మీరెవరు?" అనాలి. నెల్లిమర్ల వచ్చేదాకా ఆ మౌనాన్ని సాగనివ్వండి. స్టేషన్ల వరసే మీకు గడియారం.

జ్ఞాపకాల తేడాల్ని కూడా వాడుకోండి. ఒకరికి గళ్ల చొక్కా, ఒకరికి కుంటి నడక, ఒకరికి సెంటు వాసన. నలుగురూ మాట్లాడుకున్నాక, డిగ్రీ అమ్మాయికి లేని కుంటి నడక గుర్తొస్తుంది. ఆమె అబద్ధం చెప్పట్లేదు, పక్కవాళ్ల మాట ఆమె జ్ఞాపకంలో కలిసిపోయింది. భయంలో ఉన్న మనసు ఖాళీల్ని అలాగే పూరించుకుంటుంది. తనని తాను నమ్మలేని ఆ స్థితి విలన్ని చూపించడం కంటే ఎక్కువ భయపెడుతుంది. విలన్‌కి అన్నీ తెలిసిపోయినట్టు రాయకండి. వాడికి తెలిసిన ప్రతి విషయానికీ ఎలా తెలిసిందో మీ దగ్గర జవాబుండాలి.

కోర్టు_మెట్లు:
పైన చెప్పిన జ్ఞాపకాల సంగతి కోర్టులో కేసుకే ఎసరు పెడుతుంది. నలుగురూ కలవకముందే ఎవరికి వాళ్లు తేదీ వేసి విడిగా రాసుకున్న కాగితాలుంటే కేసు నిలబడుతుంది. కలిశాక రాస్తే కూడబలుక్కున్నారంటారు. ఫోటో గ్రూపులో తిప్పితే ఇంకా ప్రమాదం. ఆ తర్వాత పదిమందిలో నిలబెట్టి గుర్తుపట్టించే ఐడెంటిఫికేషన్ పరేడ్‌లో నలుగురూ వాణ్ణే చూపించినా, ఫోటోలో చూసిన ముఖమే కదా అని కొట్టేస్తారు. గోడల మీద అంటిస్తే పరువునష్టం కేసు, న్యాయ సంహిత 356వ సెక్షన్, వాడే వేస్తాడు.

ఆ తమ్ముడి విషయం బాగా ఆలోచించుకోండి. చట్టవిరుద్ధ సమూహం అనాలంటే ఐదుగురు ఉండాలి, 189వ సెక్షన్. నలుగురు చుట్టుముడితే ఒకలాంటి కేసు. తమ్ముడు చేరి ఐదుగురై చెయ్యి చేసుకుంటే, కొట్టింది ఒక్కడే అయినా ఐదుగురి మీదా పడుతుంది. తమ్ముణ్ణి వెంట రమ్మని ఎవరు పిలిచారు, ఎవరు వద్దన్నారు అన్నదాంట్లో నలుగురూ చీలిపోవచ్చు.

వాడి పేరు బయటపడటానికి సులువైన దారి ఇంకొకటుంది. ఆడవాళ్ల పెట్టెలో ఎక్కిన మగవాడికి రైల్వే చట్టం 162 కింద 500 రూపాయల వరకు జరిమానా వేసి దింపేయొచ్చు. రైల్వే హెల్ప్‌లైన్ 139కి ఫోన్ చేస్తే చాలు. నేరం చిన్నదే. కానీ పేరు, తేదీ, రైలు నంబరుతో వాడి మీద పుట్టే మొదటి అధికారిక కాగితం ఆ జరిమానా రసీదే. దాన్ని రెండో అధ్యాయంలోనే ఎవరూ పట్టించుకోని చిన్న గొడవగా వేసేయండి. నాలుగంకెలు దొరికాక టీచరుకి ఆ గొడవ గుర్తురావాలి.