తేదీ దాటిన దొడ్డుప్పు పారేయాలా, తొక్కుకు వాడుకోవచ్చా?

హన్మకొండ కోడలు:
రెండేళ్ల కింద మామిడికాయ తొక్కు కోసం ఐదు కిలోల దొడ్డుప్పు తెచ్చాం. రెండు కిలోలు మిగిలింది. ప్యాకెట్ మీద తేదీ దాటి మూడు నెలలైంది, ఈ వానలకు డబ్బా అడుగున నీళ్లు కూడా దిగాయి. పారేద్దామన్నాను. మా అత్తమ్మ "ఉప్పు ఎక్కడన్న పాడైతదా బిడ్డా, లక్ష్మిని పారబోస్తవా" అని డబ్బా ముట్టనివ్వడం లేదు. ఎవరి మాట కరెక్టు?

వరంగల్ కిరాణం:
అత్తమ్మ మాటే కరెక్టు. ఉప్పుకు బూజు రాదు, పురుగు పట్టదు. క్రిములకు కావలసిన నీటిని ఉప్పే లాగేస్తుంది కాబట్టి అందులో తిండిని పాడుచేసే మామూలు క్రిములు పెరగవు. తొక్కు ఏడాదంతా నిలిచేది కూడా అందుకే కదా.

అడుగున నీళ్లు చూసి టెన్షన్ పడకండి. ఇది చినగంజాం, నౌపడ లాంటి చోట్ల మడుల్లో సముద్రపు నీళ్లు ఎండగట్టి తీసే ఉప్పు. అందులో కొంచెం మెగ్నీషియం క్లోరైడ్ ఉంటుంది, గాలిలో తేమను ముందు పీల్చేది అదే. అసలు ఉప్పు మాత్రం గాలిలో తేమ 75 శాతం దాటితేనే చెమ్మగిల్లుతుంది. శ్రావణంలో మన దగ్గర అంత తేమ మామూలే.

ములుగు నర్సు:
కిరాణం అన్నా, ఉప్పు పాడవదు, నిజమే. కానీ అందులో కలిపిన అయోడిన్ తగ్గిపోతుంది, దాని గురించి మీరు చెప్పలేదు. దుకాణంలో అమ్మేటప్పుడు కిలోకు 15 మిల్లీగ్రాములకు తగ్గకుండా ఉండాలని నియమం. వేడికి, వెలుతురుకు, తేమకు అది తగ్గుతూ పోతుంది. దొడ్డుప్పు సంగతి ఇంకా కష్టం. అయోడిన్ మందు గల్లుల పైపైన పట్టి ఉంటుంది, కాబట్టి ఉప్పు చెమ్మగిల్లితే నీటితో పాటు అడుగుకు జారిపోతుంది. మన ఇళ్లలో మట్టి పోవాలని దొడ్డుప్పు కడుగుతారు చూడండి, ఆ నీళ్లతోనే చాలా అయోడిన్ పోతుంది. ఇంట్లో గర్భిణి గానీ చిన్నపిల్లలు గానీ ఉంటే రోజూ కూరకు ఆ ఉప్పు వద్దంటాను.

పరకాల రైతు:
తొక్కు నల్లబడేదే అయోడిన్‌తో. మా అమ్మ కాలంలో అదేమీ కలపని ఉప్పే వాడేవాళ్లు. ఇప్పుడు అడిగినా దొరకదు.

ములుగు నర్సు:
అయోడిన్ లేని ఉప్పును తినడానికి అమ్మకూడదని 2006 నుంచి దేశమంతా నిషేధం ఉంది, అందుకే దొరకదు. తొక్కు సంగతికి వస్తే, కిలో ఉప్పులో ఉండేది చిటికెడు కూడా కాదు, అంత మాత్రానికి నల్లబడుతుందని నేను నమ్మను. తడి గరిటె పెట్టారా, పైన నూనె తేలుతోందా, ముందు అవి చూడండి.

పరకాల రైతు:
మా ఇంట్లో తడి గరిటె ఎవరూ పెట్టరు మేడమ్. నా మాట నాదే.

వరంగల్ కిరాణం:
నర్సమ్మ చెప్పిన అయోడిన్ సంగతి ఒప్పుకుంటాను. చెల్లే, కూరకు సన్నుప్పు కిలో ప్యాకెట్ కొత్తది తెచ్చుకోండి, అయిపోయాకే ఇంకోటి. పాత దొడ్డుప్పును నీళ్లు వంపేసి, ఎండ కాసిన రోజు బట్ట మీద గలగలలాడేదాకా ఆరబోసి, వచ్చే ఎండాకాలం తొక్కుకు వాడండి. పింగాణి జాడీలోగాని గాజు సీసాలోగాని పెట్టి గట్టిగా మూత బిగించండి. ఇనుము తుప్పు పడుతుంది, అల్యూమినియాన్ని ఉప్పు తినేస్తుంది. పొయ్యి పక్కన పెట్టకండి, అన్నం ఉడికే ఆవిరంతా దానికే పడుతుంది.

హన్మకొండ కోడలు:
మాది ఇనుప డబ్బానే అన్నా, అంచులకు తుప్పు కూడా వచ్చింది. తుప్పు అంటిన పై పొర తీసేస్తాను. అత్తమ్మ అటక మీది జాడీ దించమంటోంది.