న్యూయార్క్ 212 కోడ్‌కు అంత విలువ ఎందుకు?

ప్రశ్న (అమలాపురం నుంచి)

మా మేనల్లుడు న్యూయార్క్‌లో చిన్న ఆడిటింగ్ ఆఫీసు తెరుస్తూ, మామూలు ఫోన్ నంబరు తేలికగా దొరుకుతున్నా కాదని, 212తో మొదలయ్యే నంబరును డబ్బు పెట్టి కొనుక్కున్నాడు. ఆ మూడంకెలు చూస్తే అక్కడివారికి పాతకాలం నుంచి ఉన్న సంస్థ అన్న నమ్మకం కలుగుతుందట. మా ఇంటి ఫోన్ కోడ్ 08856 మీద నాకు మమకారం ఉంది కానీ, దాన్ని చూసి ఎవరైనా గౌరవిస్తారని ఎన్నడూ అనుకోలేదు. ఒక కోడ్‌కు ప్రతిష్ఠ ఎలా వస్తుందో తెలిసినవారు దయచేసి వివరించగలరు.

సమాధానం (రాజమహేంద్రవరం నుంచి)

నేను టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో పనిచేసి రిటైరైనవాడిని. అమెరికా, కెనడాలకు 1947లో 86 ఏరియా కోడ్‌లు నిర్ణయించిన రోజుల్లో ఫోనంటే వేలు పెట్టి తిప్పే డయలే. 1 తిప్పితే ఒక పల్సు, 2 తిప్పితే రెండు, సున్నాకు పది పల్సులు వెళ్లేవి. ఆ పల్సులన్నీ పూర్తయ్యేదాకా ఎక్స్ఛేంజీలోని యంత్రం ఆ కాల్ కోసమే ఆగి ఉండాలి. అందుకని ఎక్కువ కాల్స్ వెళ్లే నగరాలకు తక్కువ పల్సుల కోడ్‌లు కేటాయించారు. ఆ పద్ధతిలో అన్నిటికన్నా పొట్టిది 212, మొత్తం అయిదే పల్సులు. అది న్యూయార్క్‌కు దక్కింది. చికాగో 312కూ, లాస్ ఏంజెలెస్ 213కూ ఆరేసి. పక్కనే ఉన్న న్యూజెర్సీకి ఇచ్చిన 201 తిప్పాలంటే పదమూడు. ఎక్స్ఛేంజీలో ఆ టకటకలు వింటూ పెరిగిన మాబోటివారికి ఈ తేడా చెవికే తెలుస్తుంది.

సమాధానం (భీమవరం నుంచి)

పైవారు చెప్పింది పుట్టుక గురించి. ప్రతిష్ఠ మాత్రం, నా అభిప్రాయంలో, విభజనతోనే వచ్చింది. నంబర్లు చాలక 1984లో న్యూయార్క్ నగరంలోని బ్రూక్లిన్, క్వీన్స్, స్టేటెన్ ఐలండ్ ప్రాంతాలను 718లోకి మార్చినప్పుడు అక్కడివారు తమను నగరం నుంచి వెలివేసినట్టు బాధపడ్డారు. 1992లో బ్రాంక్స్ ప్రాంతం కూడా వెళ్లిపోవడంతో 212 నగర నడిబొడ్డయిన మన్‌హాటన్‌కే గుర్తుగా మిగిలింది. 1999లో అదే మన్‌హాటన్‌లో కొత్త కనెక్షన్లకు 646 ఇవ్వడం మొదలయ్యాక, 212 ఉన్నవారు ముందునుంచీ ఉన్నవారని జనం చూడగానే గుర్తుపట్టసాగారు.

మీ 08856 సంగతికి వస్తే, మన దేశంలో మొదటి సున్నా వదిలేస్తే కోడ్, నంబరు కలిపి పది అంకెలుండాలి. హైదరాబాద్ 40 తరువాత ఎనిమిది, రాజమహేంద్రవరం 883 తరువాత ఏడు, మీ 8856 తరువాత ఆరు అంకెలు వస్తాయి. ఊరు పెద్దదయ్యేకొద్దీ ఎక్కువ నంబర్లు కావాలి కనుక కోడ్ పొట్టిదవుతుంది తప్ప, అందులో ఊరి గొప్పతనం ఏమీ లేదు.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. ముందే రాయవలసిన మాట ఒకటి రాయలేదు: మావాడి ఆఫీసు బ్రూక్లిన్‌లో ఉంది. ఆ ప్రాంతం నుంచి తీసేసిన అంకెలనే డబ్బిచ్చి వెనక్కి తెచ్చుకున్నాడని మీరు చెప్పాకనే నాకు తెలిసింది.