మూసీ వరద పాట మీ ఇంట్లో ఎవరికైనా గుర్తుందా?

నేను హైదరాబాద్‌లో హార్మోనియం వాయిస్తాను. పెళ్లిళ్లు, భజనలు, అప్పుడప్పుడు గజల్ ప్రోగ్రాములు. ఎటు వెళ్లినా అఫ్జల్‌గంజ్‌లో బస్సు మారాలి. అక్కడ ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు మీకు తెలిసే ఉంటుంది. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగినప్పుడు దాదాపు 150 మంది ఆ చెట్టెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. ఊళ్లో వేలమంది కొట్టుకుపోయారు. ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ జలాశయాలు కట్టింది ఆ తర్వాతే.

మా నాయనమ్మ బతుకమ్మ ఆడేటప్పుడు ఆ వరద మీద ఒక పాట పాడేది. వాళ్లమ్మ దగ్గర నేర్చుకుందట. ప్రతి పాదం చివర ‘ఉయ్యాలో’ వస్తుంది. వరుస మొత్తం నా వేళ్లకు వచ్చు, కళ్లు మూసుకుని వాయిస్తాను. మాటలే పోయాయి. చెట్టు కొమ్మ మీద పసిపిల్లను పట్టుకున్న తల్లి మాత్రం గుర్తుంది. నాయనమ్మ ఉన్నప్పుడు ఫోన్‌లో రికార్డు చేయలేదు. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

మీ ఇళ్లలో పెద్దవాళ్లు ఇలాంటి పాట పాడేవారా? ముఖ్యంగా ధూల్‌పేట, పురానాపూల్, బేగంబజార్ వైపు వాళ్లను అడుగుతున్నాను. ఒక్క చరణమైనా చాలు, వరుస వేరైనా ఫర్వాలేదు. దయచేసి వాళ్లతో పాడించి రికార్డు చేయండి, రాసి పెడితే యాస పోతుంది.

ఇంకోటి. మాటలు దొరక్కపోతే నేనే రాసి నింపడం సరైనదేనా? నాకు మనసొప్పడం లేదు. పాటలు సేకరించిన అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.